బావిలో మనిషి

నాటకశాల ఎడమవైపు తెర చాటున, గోడకీ మెట్లకీ మధ్య ముక్కాలిపీట ఒక్కటి పట్టేంత చోటు ఉంది. ఆ పీట మీద ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకావిడ కూర్చుంటోంది. అందరూ ఆమెను మాటలక్క అంటారు. మాటలు ఎక్కువై వచ్చిన పేరు కాదది. మెట్ల మీద ఎవరైనా ఎదురుపడి కుశలం అడిగితే తల ఊపి పక్కకు తప్పుకునే మనిషి. ఆడుతూ ఆడుతూ నటుడు మాట మరిచిపోతే చీకట్లోంచి ఆ మాట అందించడం ఆమె ఉద్యోగం.

ఈ ఉద్యోగం చేసేవాళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. రాజులకు చరిత్రలున్నాయి, రాజు వేషం వేసినవాళ్లకు సన్మానాలున్నాయి, ఆ రాజు నోట్లో మాట పెట్టినవాళ్లకు మాత్రం ముక్కాలిపీటే. రేవు పట్టణాల్లో, గనుల ఊళ్లలో, రైలు రెండు నిమిషాలు కూడా ఆగని చోట్ల, ఎక్కడ నాటకశాల ఉంటే అక్కడ ఇలాంటి మనిషి ఒకరు ఒళ్లో పుస్తకంతో కనిపిస్తారు. కొందరు ఎంత గట్టిగా అందిస్తారంటే, జనం ఒకే టిక్కెట్టుకు నాటకాన్ని రెండుసార్లు వింటారు. కొందరు కథలో పడిపోయి కళ్లు తుడుచుకుంటూ ఉంటే అక్కడ నటుడు నోరు తెరుచుకుని నిలబడతాడు. మాటలక్క ఈ రెండు రకాలూ కాదు. వాక్యం మొత్తం ఎప్పుడూ ఇవ్వదు. మొదటి రెండు మాటలు, అవీ గాలిలో కలిపి, వేదిక నడిమి దాకా వెళ్లి అక్కడితో ఆగిపోయే గొంతుతో ఇస్తుంది. మరిచిపోయిన నటుడికి ముందు కళ్లు మారతాయి, నోరు తరవాత ఆగుతుంది. ఆ రెంటికీ మధ్యనే ఆమె మాట వెళ్లిపోతుంది. పుస్తకంలో లేని ముక్క ఇన్నేళ్లలో ఒక్కటి కూడా ఆమె నోటి నుంచి వేదిక మీదికి పోలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకోదు గానీ, ఎవరైనా అంటే కాదనదు.

అదే శాలలో ఆమె అన్నయ్య నటుడు. వదిన పోయిన దగ్గర్నుంచీ అన్నాచెల్లెళ్లిద్దరూ శాల వెనక వీధిలో, మేడమీద రెండు గదుల్లో ఉంటున్నారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, రోజూ కళ్లెదుట అన్ని పెళ్లిళ్లు జరుగుతూనే ఉన్నాయిగా, మళ్లీ నాదొకటెందుకు అంటుంది.

అన్నయ్యకు డెబ్బై దగ్గరపడింది. రెండేళ్లుగా మాటలు మరిచిపోతున్నాడు. మొదట్లో నెలకొకటి, తరవాత ఆటకొకటి, ఇప్పుడు రంగానికి రెండు. ఇంట్లో ఖాళీ కప్పు చేతిలో పట్టుకునే "టీ పెట్టావా చెల్లాయ్?" అంటాడు. ఆమె వాదించదు, మళ్లీ పెట్టి ఇస్తుంది. వేదిక మీద మాత్రం, ఏటిలో దాటుడు రాళ్లు వేసినట్టు, ఆయన అడుగు వేయబోయే ప్రతిచోటా ముందే ఒక మాట పెడుతూ పోతుంది. ఆయన దాని మీద కాలు పెట్టి దాటేస్తాడు. ఆమె ఏది ఇస్తే అది అంటాడు, ఇది నా మాటేనా అని ఆలోచించడం ఎప్పుడో మానేశాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు రాళ్లు కనిపించవు, నీటి మీద దర్జాగా నడిచే పెద్దమనిషి కనిపిస్తాడు.

ఇది ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే ఆయన్ని వేదిక దింపేస్తారు. దింపేస్తే ఏమిటన్నదే ఆమె బెంగ. పగలంతా కిటికీ పక్కన ఉతికి ఆరేసిన చొక్కాలా వేలాడే మనిషి, సాయంత్రం మొహానికి రంగు పడగానే నడుము నిలబెట్టుకుని లేస్తాడు. రేపట్నుంచి ఆ లేవడం ఉండదంటే మిగిలేది కిటికీ ఒక్కటే. దాన్ని ఆమె తలుచుకోదలుచుకోలేదు.

ఆ శాలకు పేరు తెచ్చినది ఒక పాత ప్రేమ విషాద నాటకం. అసలు పేరు గోడపత్రికల మీద ఉంటుంది. జనానికి మాత్రం అది బావి నాటకం. వానలు మొహం చాటేసిన కాలంలో ఒక ఆసామి పెరట్లో బావి తవ్వడానికి ఓ పనివాడు వస్తాడు. ఆసామి కూతురు గట్టు మీద నిలబడి, అతను అడుగున నిలబడి మాట్లాడుకుంటూ ప్రేమలో పడతారు. ఇద్దరూ ఒకే నేల మీద పక్కపక్కన నిలబడేది నాటకం మొత్తానికి ఒక్కసారే. తాడు వదిలేది ఆమె, పట్టుకునేది అతను. ఎండిన బావిలోకి ఆమె చెంబుతో నీళ్లు దించుతుంది. వాన పడిన రోజు నీ వెంట వచ్చేస్తానంటుంది. తండ్రికి తెలిసి నిప్పులు చెరుగుతాడు. ఇంకో రెండు మూరలు తవ్వి నీళ్లు చూపిస్తే ఆయన మనసు మారుతుందేమోనని, అతను ఎవరికీ చెప్పకుండా బావిలోకి దిగుతాడు. చెవులు వినపడని ముసలి పాలేరు వచ్చి, లోపల ఎవరూ లేరనుకుని, తాడు పైకి లాగి చుట్ట చుట్టి పట్టుకుపోతాడు. అప్పుడు వాన మొదలవుతుంది. కూతురు పెరట్లోకి పరుగెత్తుకొచ్చి తడుస్తూ గంతులు వేస్తుంది. ఆ హోరులో లోపలి కేక ఎవరికీ వినపడదు. వానకి తండ్రి కోపం కూడా కరుగుతుంది. అతన్ని పిలిపించు, పెళ్లి చేస్తానంటాడు. గట్టు మీద రెండు చేతులూ ఆనించి తొంగి చూసి, "చూడమ్మా, బావి ఎంత చక్కగా నిండుతోందో" అంటాడు.

ఆ తండ్రి వేషం అన్నయ్యది.

నాటకమంతా కంఠతా వచ్చిన మాటలక్కకు, ఆ ఒక్క మాట దగ్గర జనం ఎందుకు ఊపిరి బిగబడతారో ఏనాడూ బోధపడలేదు. తప్పు ఆమెది కాదు, ఆ పీటది. బావి అంటే చెక్కలు కొట్టి రాతిరంగు పూసిన గట్టు, దాని నడుమ వేదికకు కోసిన కంత, కంతలో నిచ్చెన. దిగిన నటుడు వేదిక కింద వంగి నడిచి, ఎడమవైపు మెట్లెక్కి వచ్చి, సరిగ్గా ఆమె పక్కనే చతికిలబడతాడు. పొట్లం విప్పి వేరుశనగ గింజలు నములుతాడు. అక్కడ అతని నెత్తిన బావి నిండుతూ ఉంటుంది, ఇక్కడ అతను ఆమె చేతిలో కూడా నాలుగు గింజలు పోస్తాడు. ఆ వేషం ఇప్పటిదాకా ముగ్గురు కట్టారు, ముగ్గురూ నమిలారు. ఆమె లెక్కన ఆ బావిలో ఎన్నడూ మనిషి లేడు. లేనప్పుడు ఆ మాటకు అర్థమేముంది? ఆట పొడుగవుతోందని ఒకసారి గోల వస్తే, ఆ బావి నిండే ముక్క తీసేయండి, కథకి దాని అవసరం లేదని సలహా కూడా ఇచ్చింది. నాటకంలో నీళ్ల ప్రస్తావన మరీ ఎక్కువని కూడా ఆమెకు ఫిర్యాదు ఉంది. అడుగడుక్కీ నీళ్లే కావడంతో నటులు ఒక రంగంలో మాట ఇంకో రంగంలో అనేస్తారు, అందించేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.

ఈమధ్య శాలకు కొత్త దర్శకురాలు వచ్చింది. వయసు తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆవిడకు మొదటి పేచీ అన్నయ్యతోనే.

"బాబాయిగారూ, బావి దగ్గర మీ గొంతు వణుకుతోంది" అంది రిహార్సల్లో.

"విషాదం కదమ్మా."

"విషాదం వాళ్లది, మీది కాదు. లోపల మనిషున్నాడని మీకు తెలీదు. మీరు సంబరంగా ఉన్నారు. ముందే మీరు ఏడ్చేస్తే ఇంక కూర్చున్నవాళ్లకి ఏం మిగుల్తుంది?"

ఆయన బుద్ధిగా తల ఊపాడు. మర్నాడు మళ్లీ గొంతు వణికింది. ముందు రోజు చెప్పింది గుర్తుంటేగా.

ఆవిడ పెట్టిన రెండో పద్ధతి ఎదుటి వంతు. తెర వెనక పనిచేసేవాళ్లు ప్రతివాళ్లూ ఒక్క సాయంత్రమైనా పని మానేసి, జనంలో కూర్చుని ఆట చూడాలి. తను చేస్తున్నది ఎదటివాళ్లకు ఎలా అందుతోందో తెలియకుండా ఎవరూ పనిచేయకూడదంటుంది. వడ్రంగి వంతు అయ్యింది. గట్టు ఒకవైపు వాలిందని గొణుక్కుంటూ వచ్చి సరిచేశాడు. దీపాలతను తన వంతు శుభ్రంగా నిద్రపోయి, దీపాలు హాయిగా ఉన్నాయన్నాడు. మాటలక్క మాత్రం ఒకసారి పన్ను నొప్పి, ఒకసారి కళ్లజోడు, ఒకసారి మళ్లీ పన్ను చెప్పి తప్పించుకుంటూ వచ్చింది.

"అక్కా, మీ పంటికి నెల్లాళ్లు సెలవిచ్చాను" అంది దర్శకురాలు. "శనివారం మీరు మూడో వరసలో ఉంటున్నారు."

"నేను లేకపోతే ఆట నడవదమ్మా."

"ఎందుకు నడవదు?"

జవాబు ఉంది. బయటపెట్టకూడనిది అదొక్కటే. మాటలక్క సరేనంది.

పుస్తకం శాలలో వేషాలు కుట్టే దర్జీ చేతిలో పెట్టారు. అతను మంచివాడే గానీ, సూదిలో దారం ఎక్కించినట్టు ఒక కన్ను మూసి అక్షరం అక్షరం చదువుతాడు. మూడు మధ్యాహ్నాలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. అన్నయ్యకు చెవులు దిబ్బడ వేశాయి, ఆయన మాట కోసం ఆగి బొటనవేలు రుద్దుకుంటే ఆలస్యం చేయకు అని మాత్రం చెప్పింది. నా నోట్లో గుండుసూదులుంటేనే నాకు అలవాటక్కా, ఈ మాటలు పెట్టుకోవడం నావల్ల కాదని అతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. అయినా నేర్చుకున్నాడు.

శనివారం ఆమె మూడో వరసలో కూర్చుంది. కుర్చీకి వీపు ఆనించే వీలుందని ఆమె ముందు గమనించలేదు. తెర లేచేదాకా పీట మీద కూర్చున్నట్టే నిటారుగా ఉంది. పక్కన కాలేజీ పిల్ల ఒకతె ఒళ్లో నోటుపుస్తకంతో వచ్చింది. వచ్చే వారం పరీక్షట. ఈ నాటకమే పాఠమట. ఇంతకుముందు చూశారా ఆంటీ అని అడిగితే, లేదమ్మా అంది మాటలక్క. అబద్ధం కాదు.

మొదటి రెండు రంగాల్లో దర్జీ నాలుగుసార్లు అందించాడు. నాలుగుసార్లూ మొదటి వరసకు కూడా అందింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నయ్య మాత్రం ఏ రాయి తగిలినా కాలు పెట్టి దాటేస్తూనే ఉన్నాడు.

విరామంలో ఆ పిల్ల నోటుపుస్తకం తిరగేస్తూ తనలో తను చదువుకుంటోంది. నాటకీయ వ్యంగ్యం, భావచిత్రాలు, పది మార్కులు. అదేమిటని అడిగింది మాటలక్క. ముప్పై ఒక్క ఏళ్లలో ఎవర్నైనా తనంతట తాను ఒక ప్రశ్న అడగడం ఆమెకు అరుదు.

"భావచిత్రం అంటే నీళ్లు ఆంటీ" అంది పిల్ల. "మొదట్నుంచీ నీళ్లేగా. ముందు నీళ్లు లేక ప్రాణం పోతోంది, చివరికి ఆ నీళ్లే ప్రాణం తీస్తాయి. తాడు కూడా రాయొచ్చు. మార్కులకైతే నీళ్లు చాలు."

"మరి ఆ రెండోది?"

"వేదిక మీదున్నవాళ్లకి తెలియంది మనకి తెలుస్తుంది. తెలిసీ చెప్పలేం. అదే వ్యంగ్యమంటారు. మా సార్ ఏమన్నారంటే, నోరుండీ మూసుకుని కూర్చోవాల్సి రావడమే దాన్లో బాధ అన్నారు."

నోరు మూసుకుని కూర్చోవడం మాటలక్క ఎప్పుడూ చేసి ఎరగని పని. మాట తెలిసిన మరుక్షణం ఇచ్చెయ్యడమే ఆమె బతుకు.

తెర మళ్లీ లేచింది. పనివాడు బావిలోకి దిగాడు. అతని తల గట్టు కిందికి పోవడం ఆమె మొదటిసారి ఎదురుగా చూసింది. ఇటునుంచి చూస్తే కంత లేదు, నిచ్చెన లేదు, మెట్లు లేవు. ఒక మనిషి నేలలోకి వెళ్లాడు, మళ్లీ రాలేదు, అంతే. పాలేరు వచ్చి తాడు లాగి చుట్టుకుంటుంటే వరస మొత్తం కుర్చీల్లో కదిలింది. ఈపాటికి అతను మెట్లెక్కి వచ్చి గింజల పొట్లం విప్పి ఉంటాడని ఆమె తనకు తాను చెప్పుకుంది. నమ్మబుద్ధి కాలేదు. వాన మొదలైంది. కూతురు నవ్వుతూ వచ్చింది. తరవాత అన్నయ్య వచ్చి పెళ్లి మాట చెప్పి, గట్టు మీద చేతులు ఆనించి లోపలికి చూశాడు.

చూసి ఆగిపోయాడు.

కళ్లు మారాయి. దర్జీ గొంతు రాలేదు. అతను పేజీ ఒకటి ఎక్కువ తిప్పేశాడని తరవాత తెలిసింది. అన్నయ్య మొహంలో గాభరా లేదు, దుఃఖం లేదు. ఇంత ఎండ తరవాత నీళ్లు చూసిన రైతులా, పెదాల చివర నవ్వుతో, ఇక చెప్పవలసిందేమీ లేనట్టు అలాగే నిలబడ్డాడు. శాలంతా బిగదీసుకుపోయింది. మాటలక్కకు మాట తెలుసు. చూడమ్మా, బావి. ఆ రెండు ముక్కలు చాలు. నోరు తెరిచింది.

"అన్నయ్యా, లోపల మనిషున్నాడు."

అలవాటైన గొంతే. వేదిక నడిమి దాకా వెళ్లి ఆగే గొంతు. మాట వచ్చింది ఎడమవైపు నుంచి కాకుండా ఎదుటి చీకట్లోంచి గనక ఆయన అటు తిరిగాడు. చెల్లెలు ఇచ్చిన మాటను ఆయన ఏనాడూ తిరగేసి చూడలేదు.

"లోపల మనిషున్నాడు" అన్నాడు, నిండుగా, చివరి వరసకు వినపడేట్టు.

ఆ పాత నాటకంలో ఆ మాట లేదు. ఉంటే అది విషాదమయ్యేదే కాదు. కూతురు వేషంలో ఉన్న అమ్మాయి ఒక్క క్షణం రాయైపోయింది. తరవాత, నటన అనాలో నిజమనాలో, గట్టు మీద పడి అతన్ని పేరు పెట్టి పిలిచింది. చెవులు వినపడని పాలేరు ఆ పిలుపు విని తాడుతో పరుగెత్తుకొచ్చాడు. తెర చాటున గింజలు నములుతున్న నటుణ్ణి దర్జీ పొడిచాడు. పిలుస్తున్నారయ్యా, పో, అని మెట్ల కిందికి తోసి, అంత వానలో పొడిగా వస్తే బాగుండదని చేతికందిన కూజా నీళ్లు నెత్తిన గుమ్మరించాడు. అతను నిచ్చెన ఎక్కి, తాడు పట్టుకుని, దవడ ఇంకా ఆడుతుండగానే పైకి వచ్చాడు. ప్రేమికులిద్దరూ రెండోసారి ఒకే నేల మీద నిలబడ్డారు. ఏం చేయాలో తోచక తెర దించేశారు.

సగం మంది లేచి చప్పట్లు కొట్టారు. పాత కాపులు కొందరు, ఇది మా నాటకం కాదని కేకలేశారు. పక్కన పిల్ల నోటుపుస్తకం మూసేసి, "ఇప్పుడు నేనేం రాయాలి ఆంటీ?" అంది.

"పుస్తకంలో ఉన్నదే రాయమ్మా. ఇది నా తప్పు" అని మాటలక్క లేచింది.

లోపల అద్దం ముందు అన్నయ్య మీసం ఊడదీసుకుంటున్నాడు. దర్శకురాలు తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. మాటలక్క దాచలేదు. ఎప్పటి నుంచో, ఎన్ని మాటలో, ఎలా మోసుకొస్తోందో వరసగా చెప్పేసింది. అన్నయ్య ఎవరి సంగతో విన్నట్టు విన్నాడు. విని, దర్శకురాలి వైపు తిరిగి, "నాకు మాట రాలేదమ్మా. మా చెల్లెలు ఇచ్చింది చెప్పాను" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే దింపేస్తావని."

"దింపేదాన్నే" అంది ఆవిడ. తండ్రి వేషం ఇక ఆయనకు ఇవ్వలేనని చెప్పింది. మాటలక్క తల ఊపింది. రెండేళ్లుగా ఆమె భయపడుతూ వచ్చిన ఆ మాట, వచ్చేసరికి చిన్నగానే ఉంది. దర్శకురాలు మాత్రం అక్కడితో ఆపలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

"బాబాయిగారూ, మాట రాక ఆ గట్టు దగ్గర నిలబడ్డారే, అప్పుడు మీ మొహం చూశాను. ఏడుపు లేదు. ఏమీ తెలియని మనిషి మొహం. నేను ఆర్నెల్లుగా మిమ్మల్ని అడుగుతున్నది అదే. పాలేరు వేషం కట్టండి. ఇప్పుడు పాలేరు కడుతున్నాయన తండ్రి వేషానికి మారతాడు. మీరు తాడు లాగాలి, చుట్టాలి, వెళ్లిపోవాలి."

"మాటలెన్ని?"

"ఒక్కటీ లేదు."

ఆయన ఊడదీసిన మీసం బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. "మరి మా చెల్లెలేం చేస్తుంది?" అన్నాడు.



మరుసటి వారం మాటలక్క మళ్లీ తన పీట మీద ఉంది. అన్నయ్య తలగుడ్డ చుట్టుకుని, నడుము కాస్త వంచి వేదిక మీదికి వెళ్లాడు. గట్టు దగ్గర నిలబడి తాడు లాగడం మొదలుపెట్టాడు. తొందర లేదు. ఎవరో నమ్మి అప్పగించిన పని చేస్తున్నట్టు, బారెడు బారెడు లాగి, తడిమి, మోచేతికి చుట్టుకున్నాడు. చివరి కొస పైకి వచ్చేసరికి చీకట్లో ఎవరో అయ్యో అన్నారు. ఆయన ఆ కొసను కూడా చుట్టలోకి దోపి, పని బాగా అయినందుకు దాని మీద ఒకసారి తట్టాడు.

తరవాత ఎటు వెళ్లాలో మరిచిపోయాడు.

కళ్లు మారడం ఆమె చూసింది. పుస్తకంలో అక్కడ ఉన్నది పాలేరు తాడు తీసుకుని పోతాడన్న ముక్క ఒక్కటే. అందించడానికి ఏమీ లేదు. ఆయన వేదిక నడుమ తాడు చుట్టతో నిలబడి ఒకసారి కుడివైపు, ఒకసారి జనంవైపు చూశాడు. మాటలక్క పుస్తకం పీట మీద పెట్టి లేచింది. తెర అంచు దాటించి, మోచేతి దాకా చెయ్యి చాపింది. చూసేవాళ్లు చూస్తారని తెలుసు. చాపి ఉంచింది.

ఆయన ఆ చెయ్యి చూశాడు. నింపాదిగా నడిచి వచ్చి తాడు ఆ చేతిలో పెట్టాడు.

"బరువుంది చెల్లాయ్, జాగ్రత్త" అన్నాడు.

మొదటి వరసకు వినపడే ఉంటుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. అవతలి పక్క ఎవరో జల్లెడలో గింజలు తిప్పడం మొదలుపెట్టారు. వాన.